గొంగళిపురుగులను పెంచిన బాలిక



గత అక్టోబరు వానలలో ఒక ఆదివారము ఉదయమున, ఆదివారపు బడి జరుగుచుండగా, వెనుక వరుసలో పిల్లలు గుసగుసలాడుచు ఒకరిమీద ఒకరు వంగి చూచుట మాకు కనబడెను. దగ్గరకు వెళ్లితిమి. ఎనిమిదేండ్ల చిన్నది ఒకతె ఒడిలో అగ్గిపెట్టె పట్టుకొని యుండెను. తెరిచి చూడగా లోపల కరివేపాకు రెమ్మ, దానిమీద చిటికెనవ్రేలు అంత లావుగల పచ్చని పురుగు. మేము వ్రేలితో కదిలించగానే అది తలవెనుక నుండి నారింజరంగు కొమ్ములు రెండు బయటికి చాచి ఘాటైన వాసన కొట్టెను. పిల్లలు కేకలు వేసిరి. మేము ఆ పెట్టెను కిటికీలోనుండి బయట పారవేసి, దేవుని మందిరములోనికి పురుగులు తేవచ్చునా అని ఆ చిన్నదానిని మందలించి, పాఠము సాగించితిమి. ఆనాటి పాఠము ఏదనగా, ఆదికాండము మొదటి అధ్యాయము, ఆరవ దినపు సృష్టి.

ఆరాధన ముగిసిన తరువాత ఆ బిడ్డ కిటికీ క్రింద గడ్డిలో వెదకుచుండెను. ఏమి పోయినదమ్మా అని అడిగితిమి. అది రేపో ఎల్లుండో గూడు కట్టును అయ్యగారూ అనియు, ఆ గూటిలోనుండి ఏమి వచ్చునో చూడవలెనని పది దినములుగా దానికి ఆకు వేయుచున్నాననియు చెప్పెను. పురుగు దొరకలేదు. ఆ మధ్యాహ్నము మాకు అన్నము సహింపలేదు.

సాయంకాలము మాకు ఒక పేరు జ్ఞాపకము వచ్చెను. మేము సెమినరీలో చదువుకొను దినములలో పాత బైబిలు బొమ్మల పుస్తకము ఒకటి చూచుచుండగా, ఆ బొమ్మలను చెక్కిన వాని కుమార్తెను గూర్చి ఒక ఉపాధ్యాయుడు మాకు చెప్పియుండెను. ఆమె కూడ చిన్నతనమున పెట్టెలలో పురుగులను పెంచిన పిల్లయే. ఆమె పేరు మరియ సిబిల్లా మెరియన్. ఈ నెల మా వంతు పుటలలో ఆమె జీవితమును వ్రాయదలచితిమి.

జర్మనీ దేశము మన సంఘములకు క్రొత్త పేరు కాదు. 19వ శతాబ్దములో ఆ దేశపు హెర్మన్స్‌బర్గు మిషనరీలు మన సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు ప్రాంతములకు సువార్త తెచ్చిన సంగతి మన పెద్దలు ఇప్పటికిని చెప్పుకొందురు. వారు రాకకు రెండు వందల యేండ్లకు పైగా పూర్వము, 1647 ఏప్రిల్ 2వ తేదీన, ఆ దేశములోని ఫ్రాంక్‌ఫర్టు పట్టణమున మరియ జన్మించెను. ఆమె తండ్రి మత్తయి మెరియన్ రాగిరేకులమీద బొమ్మలు చెక్కుటలో యూరోపు అంతటను పేరుపొందిన వాడు. 1630లో ముద్రింపబడిన లూథరు బైబిలులోని బొమ్మలు ఆయనవే. నోవహు ఓడ, బాబెలు గోపురము, ఎఱ్ఱసముద్రము దాటుట మొదలైనవి ఆయన చేతి గీతలలో ఎన్నో ఇండ్లకు చేరినవి. ముప్పది యేండ్లు సాగిన ఘోర యుద్ధము మరియ పుట్టిన మరుసటి యేడు, అనగా 1648లో, ముగిసెను. ఆమెకు మూడేండ్లు నిండిన కొలదికాలమునకే తండ్రి చనిపోయెను. తల్లి మరుసటి సంవత్సరము యాకోబు మారెల్ అను పూలచిత్రములు వేయువానిని పెండ్లాడెను. ఈ మారుతండ్రి మంచివాడు. తన శిష్యులతోపాటు ఈ ఆడపిల్లకును కుంచె పట్టుట, రంగులు నూరుట, పువ్వును చూచి ఉన్నది ఉన్నట్టు వ్రాయుట నేర్పెను. మారుతండ్రి అనగానే మనము చెడుగా తలంచెదము గాని, ఈమె జీవితమునకు పునాది వేసినవాడు ఆయనే.

మరియకు 13వ యేట, అనగా 1660లో, పట్టుపురుగులు చేతికి వచ్చినవి. పట్టుపురుగులను గూర్చి మన వారికి చెప్పనక్కరలేదు. మదనపల్లె, పలమనేరు, కుప్పము వైపున బంధువులు ఉన్నవారు మల్బరీ తోటలను, పురుగుల తట్టలను, చంద్రికలను చూచియే యుందురు. గసగసాలవంటి గ్రుడ్లలోనుండి నల్లని వెండ్రుకముక్కలవలె పిల్లలు వచ్చును. అవి ఆకు తిని తిని నాలుగుసార్లు కదలక పడియుండి చర్మము విడుచును. మన రైతులు దీనిని జ్వరము అందురు. నాలుగవ జ్వరము తీరిన తరువాత ఒక వారము రోజులు రాత్రింబగళ్లు మేయును. తట్టల దగ్గర నిలిచి వినినయెడల ఆకుమీద వాన పడుచున్న చప్పుడువలె ఉండును. తరువాత మేత మాని, నోటినుండి దారము తీసి, తన చుట్టు తానే కాయ కట్టుకొనును. మన రైతులు ఆ కాయలను అంగడికి వేయుదురు. అక్కడనుండి అవి మరుగు నీళ్లలో పడును. లోపలిది బయటికి వచ్చుట పట్టు తీయువారు చూడరు, చూచినయెడల వారికి నష్టము, ఏలయనగా అది దారమును పాడుచేసి వచ్చును. మరియ మాత్రము కాయలను ఉడుకబెట్టక ఊరక ఉంచి కనిపెట్టెను. కొన్ని దినములకు తెల్లని రెక్కల పురుగు తడితడిగా బయటికి వచ్చి, మగది ఆడదానితో కూడి, ఆడది గ్రుడ్లు పెట్టి చనిపోయెను. మల్బరీ ఆకు దొరకనప్పుడు ఏ ఆకు వేయవచ్చునో కూడ ఆమె చూచి వ్రాసికొనెను.

అంతటితో ఆగినయెడల ఆమె పట్టుపురుగులను పెంచిన పిల్ల అని అనిపించుకొనెడిది. ఆమెకు మరియొక ప్రశ్న పుట్టెను. పట్టుపురుగులోనుండి రెక్కలది వచ్చినప్పుడు తోటలోని తక్కిన గొంగళిపురుగులలోనుండి ఏమి వచ్చును? కోసుకూరలమీదిది, రేగుముళ్లలోనిది, గోడమీద ప్రాకునది, ఒక్కొక్కదానిని తెచ్చి ఆమె పెట్టెలలో ఉంచెను. ఏ పురుగు ఏ ఆకు తినునో కనుగొని ఆ ఆకే వేసెను. అందులో కష్టము ఉన్నది. అనేక గొంగళిపురుగులు తమ ఆకు తప్ప వేరొకటి ఇచ్చినయెడల ఆకలితో చచ్చును గాని తినవు. తోడి పిల్లలతో ఆటలు, విందులు మాని ఆమె ఈ పనిలో కూర్చుండెను. కొన్ని పెట్టెలలో పురుగులు చచ్చిపోయినవి. కొన్నిటిలో వారాల తరబడి ఏమియు జరుగలేదు. కొన్నిటిలోనుండి పట్టుపురుగు రెక్కలకంటె ఎంతో అందమైన రెక్కలు వచ్చినవి. ఆ కాలపు జర్మనులు సీతాకోకచిలుకలను వేసవి పిట్టలు అని పిలిచెడివారు.

మరి ఇది అంత వింతయా అని కొందరు అడుగవచ్చును. నేడు మూడవ తరగతి పిల్లవాడు కూడ గ్రుడ్డు, పురుగు, గూడు, సీతాకోకచిలుక అని వల్లించును. ఆ దినములలో పండితులు సైతము పురుగులు బురదలోనుండి, పేడలోనుండి, క్రుళ్లిన మాంసములోనుండి వాటంతట అవే పుట్టునని నమ్మిరి. అరిస్టాటిల్ కాలమునుండి వచ్చిన మాట అది. క్రుళ్లులోనుండి పుట్టినది గనుక అది నీచమైనది, సాతాను సంబంధమైనది అని సామాన్యులు తలంచిరి. ఇటలీ దేశపు రేడి అను వైద్యుడు మాంసమును గుడ్డతో మూసి ఉంచి, ఈగలు వ్రాలనిచోట పురుగు పట్టదని చూపినది 1668లో. మరియ పట్టుపురుగుల పెట్టె తెరిచినది అంతకు ఎనిమిదేండ్ల ముందు. ఆమెకు లాటిను రాదు, విశ్వవిద్యాలయములో అడుగు పెట్టనిచ్చువారు లేరు. మంత్రగత్తెలని చెప్పి స్త్రీలను విచారణకు ఈడ్చుట జర్మను దేశములలో ఇంకను ఆగలేదు. అట్టి దినములలో ఒక ఆడపిల్ల ఇంటినిండ పురుగులను పెంచుట ఎంత సాహసమో మనమే ఊహింపవలెను.

మన విషయము కూడ చెప్పుకొందము. యోవేలు గ్రంథమున గొంగళిపురుగులు, మిడుతలు, పసరుపురుగులు, చీడపురుగులు వరుసగా వచ్చి దేశమును పాడుచేసిన సంగతి చదివి చదివి, గొంగళిపురుగు అనగానే మనకు శిక్షయే తోచును. సేద్యగాండ్రమైన మనకు అది పైరుకు శత్రువు కూడ. మేము కాదనము. వరిలో పురుగు పడిన సంవత్సరపు బాధ మా ఇంటిలోను ఉన్నది. అయితే అదే బైబిలులో సొలొమోను రాజు జ్ఞానమును వర్ణించుచోట, ఆయన చెట్లను గూర్చియు, మృగములు, పక్షులు, ప్రాకు పురుగులు, చేపలు వీటిని గూర్చియు మాటలాడెనని మొదటి రాజుల గ్రంథము నాలుగవ అధ్యాయమున ఉన్నది. రాజు సింహాసనముమీద కూర్చుండి పురుగులను గూర్చి ఏమి చెప్పెనో అని మేము ఏనాడును ఆలోచింపలేదు. ఇకమీదట ఆ అధ్యాయము చదువునప్పుడు అక్కడ కొంచెము ఆగెదము.

1665లో, 18 యేండ్ల వయస్సున, మరియ తన మారుతండ్రి శిష్యుడైన యోహాను గ్రాఫ్ అనువానిని పెండ్లాడెను. ఇద్దరు కుమార్తెలు పుట్టిరి. పెద్దది యోహన్న హెలేనా 1668లో, చిన్నది దొరొతేయ మరియ 1678లో. వారు నూరెంబర్గు పట్టణములో కాపురముండిరి. ఆ పట్టణపు చిత్రకారుల కట్టుబాటు చొప్పున స్త్రీలు నూనెరంగులతో పటములు వేయరాదు. గనుక ఆమె నీటిరంగులతో వేసెను, గుడ్డలమీద పూలు వేసెను, ఇరుగుపొరుగు కన్యకలకు కుట్టుపని, చిత్రలేఖనము నేర్పి ఇల్లు గడుపుటకు సహాయపడెను. రంగులు అమ్మెను. ఈ పనులన్నిటి మధ్య పురుగుల పెట్టెలు మాత్రము మానలేదు.

1679లో ఆమె తన గొంగళిపురుగుల పుస్తకము మొదటి భాగము వెలువరించెను. అందులో 50 పటములు. అంతకు ముందు పురుగుల బొమ్మలు వేసినవారు పురుగును ఒకచోట, రెక్కలదానిని వేరొకచోట, చచ్చిన వాటిని వరుసగా పేర్చినట్టు వేసిరి. ఆమె మొట్టమొదటిసారిగా ఒక్కొక్క పుటలో ఒక చెట్టు కొమ్మ వేసి, దానిమీద ఆకుకు అంటియున్న గ్రుడ్లు, ఆకు తినుచున్న పురుగు, వ్రేలాడు గూడు, పైన ఎగురు చిలుక, అన్నియు ఒకటిగా చూపెను. ఆ చెట్టు ఏదో కాదు, ఆ పురుగు తిను చెట్టే. లాటినులో గాక ప్రజలు చదువు జర్మను భాషలో వ్రాసెను. పుస్తకపు మొదట, తనను పొగడవద్దనియు, ఇంత చిన్న ప్రాణులలో ఇంత జ్ఞానము ఉంచిన దేవునినే స్తుతింపవలెననియు అర్థము వచ్చునట్లు తెలిపెను. 1683లో మరి 50 పటములతో రెండవ భాగము వచ్చెను.

ఆమె నిజాయితీకి ఒక గుర్తు చెప్పెదము. కొన్నిసార్లు ఒక గూడు కట్టిన పురుగులోనుండి చిలుక రాక, చిన్న చిన్న ఈగలు గుంపుగా బయటికి వచ్చెడివి. ఆమెకు కారణము బోధపడలేదు. అవి వేరు జాతి ఈగలు, కందిరీగల వంటివి. వాటి తల్లి బ్రతికియున్న గొంగళిపురుగు దేహములో గ్రుడ్లు పెట్టిపోవును, పిల్లలు దానిని లోపలనుండి తినివేసి వచ్చును. నేడు చెరకుతోటలో పురుగును చంపుటకు ఆ జాతి ఈగలనే పెంచి విడుచుచున్నారు. మరియకు అది తెలియకపోయినను, తన లెక్కకు అడ్డముగా ఉన్నదని దాచిపెట్టక, చూచినది చూచినట్టు వ్రాసెను, బొమ్మ వేసెను.

ఆ తరువాతి సంగతి వ్రాయుటకు పాదిరిగా మాకు కొంచెము సంకోచము కలదు. 1685 ప్రాంతమున ఆమె భర్తను విడిచి, వృద్ధురాలైన తల్లిని, ఇద్దరు కుమార్తెలను వెంటబెట్టుకొని హాలండు దేశపు ఉత్తర ప్రాంతములోని వీవెర్డు అను ఊరికి పోయెను. అక్కడ లాబాడి అను బోధకుని అనుచరులు ఒక కోటలో సమష్టిగా జీవించుచుండిరి. ఆస్తి అందరిదియు ఒకటి, బట్టలు నిరాడంబరము, ప్రార్థన కఠినము. ఆమె అన్న కాస్పరు ముందే అక్కడ చేరియుండెను. భర్త వెంట వచ్చి బ్రతిమాలినను ఆమె తిరిగి పోలేదు. కొన్ని సంవత్సరములకు వివాహము రద్దయ్యెను. ఇది తగునా తగదా అని తీర్పు చెప్పుటకు వారి ఇంటి లోపలి సంగతులు మాకు తెలియవు. వివాహ ప్రమాణము చేయించువారమై యుండి దీనిని మెచ్చుకొనలేము. అట్లని రాయి విసురుటకును మా చేయి లేవదు. 1690లో తల్లి చనిపోయెను. మరుసటి సంవత్సరము ఆ సమాజమును కూడ విడిచి, కుమార్తెలతో ఆమ్‌స్టర్‌డాము నగరము చేరెను.

ఇక్కడ మన ఊరి దారి ఆమె దారికి దగ్గరగా వచ్చును. మన సూళ్లూరుపేటకు తూర్పున ఉన్న పులికాటు సరస్సు అందరికి తెలిసినదే. ఆ సరస్సు దక్షిణపు కొనన ఉన్న పులికాటు ఊరిలో డచ్చి వారు 1613లో కోట కట్టిరి. 1690 వరకు ఈ తీరమంతటికి అదే వారి ముఖ్యస్థానము. మన నేతగాండ్రు నేసిన, అద్దకము వేసిన బట్టలు అక్కడనుండి ఓడలెక్కి ఆమ్‌స్టర్‌డాము చేరెడివి. ఆ ఓడలలోనే తూర్పుదేశపు గవ్వలు, ఎండిన పురుగులు, సీతాకోకచిలుకలు కూడ ధనికుల వినోదమునకై పోయెడివి. ఆ కంపెనీ డైరెక్టర్లలో ఒకడైన విట్సెన్ అను నగరపెద్ద ఇంటిలో మరియ అట్టి అరలను చూచెను. రంగులు ఉన్నవి, రెక్కలు ఉన్నవి. కాని ఏ ఆకు తినినవి, ఏ పురుగునుండి వచ్చినవి అని అడిగినయెడల చెప్పువారు ఎవరును లేరు. సూదులు గ్రుచ్చిన శవములు అవి. పదమూడేండ్ల పిల్ల అడిగిన ప్రశ్నయే ఏబది యేండ్ల స్త్రీ అడిగెను.

1699లో ఆమె తన చిత్రములను 255 అమ్మివేసి, వీలునామా వ్రాసి, 52వ యేట చిన్న కుమార్తె దొరొతేయతో దక్షిణ అమెరికాలో డచ్చివారి పాలనలోనున్న సూరినాము దేశమునకు ఓడ యెక్కెను. రెండు నెలల సముద్రయానము. పురుషుల తోడు లేదు, రాజు పంపలేదు, కంపెనీ పంపలేదు. పురుగులను చూచుటకు తన సొంత డబ్బుతో పోయెను. అక్కడి తోటల దొరలు చక్కెర తప్ప మరియొకటి వెదకు మనుష్యురాలిని చూచి నవ్విరి.

ఆ చక్కెర వెనుక బానిసలు ఉండిరి. ఆఫ్రికానుండి గొలుసులతో తేబడినవారు, ఆ దేశపు ఆదివాసులు. దొరలు వారిని పెట్టిన హింసను మరియ చూచి వ్రాసెను. మన పెరళ్లలో ఎఱ్ఱగా పసుపుగా పూయు రత్నగంధి చెట్టు ఉన్నది గదా, దాని బొమ్మ వేసినచోట, తమకు పుట్టు బిడ్డలు బానిసలు కాకూడదని అక్కడి స్త్రీలు దాని విత్తనములతో గర్భము పోగొట్టుకొందురని వారే తనకు చెప్పినట్లు వ్రాసెను. ఆ ఒక్క పేరా చదివినవాడు ఆ పువ్వును మునుపటివలె చూడలేడు. అయితే ఒక మాట దాచరాదు. ఆమెకు అడవిలో దారి నరికి ఇచ్చినవారును, చెట్టుమీదినుండి పురుగులను తెచ్చి ఇచ్చినవారును, ఏ పురుగు ఏ చెట్టుదో చెప్పినవారును ఆ బానిసలు, ఆదివాసులే. పుస్తకమునకు ఆమె పేరు ఉన్నది. వారి పేర్లు అందులో లేవు. వారిని ఆమె తన పనికి వాడుకొనెనేగాని విడిపింపలేదు. ఇది ఆమె కాలపు పాపము, ఆమెది కూడ.

ఎండకును జ్వరమునకును తాళలేక, అయిదేండ్లు ఉండదలచినది రెండేండ్లకే తిరుగు ఓడ యెక్కవలసివచ్చెను. 1701 సెప్టెంబరులో ఆమ్‌స్టర్‌డాము చేరెను. వెంట సారాయిలో ఉంచిన పాములు, ఎండబెట్టిన చిలుకలు, చర్మపు కాగితములమీద వేసిన బొమ్మలు, ఒక ఆదివాసి స్త్రీ. నాలుగేండ్లు పనిచేసి 1705లో 60 పటములతో సూరినాము పురుగుల పుస్తకమును లాటిను, డచ్చి భాషలలో వెలువరించెను.

ఆ పటములను చూచినవారెవరైనను అది పరదేశమని అనుకొనరు. అనాస, కర్రపెండలము, జీడిమామిడి, జామ, బొప్పాయి, చిలగడదుంప, మిరప, నిమ్మ, దానిమ్మ, అరటి, ప్రత్తి, మల్లె! వాటిలో సగము ఆ ఖండమునుండి మన ఖండమునకు వచ్చి, ఇప్పుడు మన పెరటి మొక్కలైనవే. ప్రతిదానిమీదను దానిని తిని బ్రతుకు పురుగు, దాని గూడు, దాని రెక్కలు.

అందులో తప్పులును ఉన్నవి. దీపపుపురుగు అను ఒకదాని తల రాత్రి దీపమువలె వెలుగునని వ్రాసెను. అది వెలుగదని తరువాతివారు తేల్చిరి. ఒక పుటలో ఒక పురుగు తలను వేరొకదాని దేహమునకు అతికినట్టు కూడ ఉన్నది. మరియొకటి, జామకొమ్మమీద పెద్ద సాలీడు చిన్న పిట్టను తినుచున్నట్టు వేసెను. నూరేండ్లకు పైగా గడచిన తరువాత 1830ల నాటి పండితులు కొందరు దీనిని ఆడుదాని కట్టుకథ అని ఎగతాళి చేసిరి. 1863లో బేట్సు అను ఇంగ్లీషువాడు అమెజాను అడవులలో అట్టి సాలీడు పిట్టను పట్టుట తన కన్నులతో చూచినట్లు పుస్తకము వ్రాసినప్పుడు ఆ నవ్వు ఆగెను. అప్పటికి ఆమె చనిపోయి 146 సంవత్సరములు.

చివరి దినములు కష్టముగా గడచినవి. 1715లో పక్షవాతము వచ్చి చేయి పనికి రాకపోయెను. 1717 జనవరి 13న, 69వ యేట, ఆమ్‌స్టర్‌డాములో చనిపోయెను. ఆ దినములలోనే రష్యా చక్రవర్తియైన పేతురు పక్షమున ఆయన వైద్యుడు వచ్చి ఆమె చిత్రములను పెద్ద మొత్తమునకు కొనెను. బ్రతుకంతయు రంగులమ్మి, పాఠములు చెప్పి గడిపినది, ఆ ధనము చేతికందు వేళకు కన్నుమూసెను. దొరొతేయ ఆ సంవత్సరమే తల్లి మిగిల్చిన గొంగళిపురుగుల మూడవ భాగమును ముద్రింపించెను. 1992లో జర్మనీ ప్రభుత్వము ఆమె ముఖమును 500 మార్కుల నోటుమీద వేసెను. ఆ నోట్లు 2001 వరకు చెలామణిలో ఉండినవి.

ఆమె పటములను స్వీడను దేశపు లిన్నేయసు అను మహాపండితుడు ఎదుట ఉంచుకొని అనేక ప్రాణులకు పేర్లు పెట్టెను. ఆ లిన్నేయసు శిష్యులలో కోనిగ్ అను వైద్యుడు ఒకడు 1768లో తరంగంబాడి మిషనుకు వైద్యుడుగా వచ్చెను. ఈయన మన దేశపు చెట్లను, పురుగులను, తొలివానకు ఎగురు ఉసిళ్లను సైతము ఓపికగా చూచి వ్రాసినవాడు. ప్రజలు చెదపుట్టకు గాలివాటమున ఒక ప్రక్క పొగబెట్టి, ఎదుటి ప్రక్క రంధ్రమువద్ద కుండ పెట్టి, ఉసిళ్లను పట్టి పిండితో కలిపి వండుకొందురని తంజావూరు సీమలో చూచి వ్రాసెను. మన పల్లెలలో దీపము క్రింద నీళ్ల పళ్లెము పెట్టి పట్టి, వేయించి బియ్యముతో కలిపి తిన్న బాల్యము మా తరము వారిలో అనేకులకు కలదు, మాకును కలదు. ఆయన 1785లో మన తెలుగు సీమలోనే, కాకినాడ ప్రక్కనున్న జగన్నాథపురమున చనిపోయెను. లిన్నేయసు 1771లో ఒక చెట్టుకు ఈ శిష్యుని పేరు చేర్చి పెట్టెను. లోకములో వృక్షశాస్త్రజ్ఞులందరు నేటికిని దానిని కోనిగ్ పేరుతోనే పిలుచుచున్నారు. అది మన కరివేపాకు చెట్టు.

ఆ మాట తెలిసిన నాడు మేము లేచి పెరటిలోనికి పోయి మా కరివేపాకు చెట్టును చూచితిమి. ఇన్ని సంవత్సరములు పులుసులోనికి రెమ్మలు త్రుంచుటయే గాని నిలిచి చూచినది లేదు. మాకేమియు కనబడలేదు. ఆ చిన్నదానిని పిలిపించితిమి. మొదట భయపడి తల్లి కొంగు వెనుక నిలిచెను. కిటికీలోనుండి పారవేసినందుకు క్షమింపుమమ్మా అని అడుగగా అది నవ్వి, చెట్టుదగ్గరకు పోయి ఒక నిమిషములో లేత ఆకుల అంచున ఆవగింజకంటె చిన్నవి, లేతపసుపు పూసలవంటివి నాలుగు గ్రుడ్లు చూపెను. పిట్టరెట్టవలె నలుపు తెలుపుగా ఆకుమీద అంటియున్నది ఏదో ఉండగా, అది కూడ పురుగే అయ్యగారూ, చిన్నప్పుడు అట్లుండును, పెద్దదైనప్పుడు పచ్చబడును అని చెప్పెను. పక్షులు తమ రెట్ట అనుకొని తినకుండ దానికి ఆ వేషము. నిమ్మ జాతి ఆకులమీద కూడ ఇదే పెరుగునట, గూడూరు నిమ్మతోటల రైతులు దీనిని బాగుగా ఎరుగుదురు, మందు కొట్టుదురు.

ఒక పురుగును రెమ్మతోకూడ సీసాలో పెట్టి మా చదువు బల్లమీద ఉంచితిమి. ఆ బిడ్డ బడినుండి వచ్చుచు ప్రతి సాయంత్రము ఆకు మార్చి పోయెను. చర్మము విడిచినప్పుడెల్ల మాకు చూపెను. ఒక గురువారమున అది మేత మాని, పుల్లకు తోక అంటించుకొని, నడుముకు దారపు పట్టె ఒకటి చుట్టుకొని, తాటిచెట్టు ఎక్కువాడు మోకు కట్టుకొన్నట్టు వెనుకకు వాలి కదలక నిలిచెను. మరునాటికి చర్మము జారిపోయి ఆకుపచ్చని కాయ మిగిలెను. మేము ప్రసంగము వ్రాసికొనుచు మధ్య మధ్య దానివైపు చూచుచుంటిమి. రెండవ ఆదివారము తెల్లవారుజామున దీపము వెలిగించి చూడగా కాయ నల్లబడి లోపలి రెక్కల మచ్చలు పైకి కనబడుచుండెను. ఆ చిన్నదానికి కబురు పంపితిమి. అది తలకైన దువ్వుకొనక పరుగున వచ్చెను. ఎనిమిది గంటలు కావచ్చినప్పుడు కాయ తలదగ్గర పగిలి, నలిగిన గుడ్డపీలికలవంటి రెక్కలతో ఒక నల్లని ప్రాణి బయటికి వచ్చి, పుల్ల పట్టుకొని వ్రేలాడెను. రెక్కలు కొంచెము కొంచెముగా విప్పారుచుండెను, నలుపుమీద పసుపు మచ్చలు, వెనుక రెక్కల అంచున ఎఱ్ఱని బొట్టు.

ఆ ఆదివారము మన గుడి గంట పావుగంట ఆలస్యముగా మ్రోగెను. కారణమేమని సంఘపు పెద్దలు అడిగియుండిరి. ఇదియే కారణము.